ముందు కుట్టు, ఆ తర్వాతే మడత: ఇస్సే మియాకే తిరగేసిన పని వరుస

క్లుప్తంగా

జపాన్ డిజైనర్ ఇస్సే మియాకే (1938–2022) పేరు చెబితే చాలామందికి గుర్తొచ్చేవి రెండు: ఆపిల్ సహ స్థాపకుడు స్టీవ్ జాబ్స్ వేసుకున్న, మెడను కప్పే నల్ల టర్టిల్‌నెక్, సన్నని మడతలతో నిండిన ప్లీట్స్ ప్లీజ్ దుస్తులు. ఫ్యాషన్ చరిత్రలో ఆయన స్థానానికి అసలు కారణం ఈ రెంటి వెనుక ఉన్న పనితీరు. బట్ట నేయడం, మడవడం, కత్తిరించడం, కుట్టడం అనే మెట్ల వరుసను ఆయన బృందం మూడుసార్లు తారుమారు చేసింది. కుట్టిన తర్వాత మడవడం ఒకసారి, అల్లికలోనే వస్త్రాన్ని పూర్తి చేయడం మరోసారి, మడతను ముందు లెక్కగట్టి తర్వాత కత్తెర పట్టడం ఇంకోసారి.

మళ్లీ ఇప్పుడెందుకు ఈ పేరు

2025 నవంబరులో ఆపిల్ సంస్థ ఐఫోన్ పాకెట్ అనే అల్లిక సంచిని అమ్మకానికి పెట్టింది. ఫోను వేసుకుని చేతికో భుజానికో తగిలించుకునే ఈ సంచి ధర పొట్టి పట్టీదైతే 149.95 డాలర్లు, పొడుగు పట్టీదైతే 229.95 డాలర్లు. మేజోడు ముక్కకు ఇంత ధరా అని సోషల్ మీడియాలో నవ్వులాట నడిచింది. దాని రూపకల్పనలో ఇస్సే మియాకే సంస్థ ఉందనీ, ‘ఒకే బట్ట ముక్క’ అన్న పాత ఆలోచన నుంచి అది పుట్టిందనీ ఆపిల్ చెప్పిన మాట ఆ సందడిలో కొట్టుకుపోయింది.

దీంతో మూడు అయోమయాలు కలగలిసిపోయాయి. చనిపోయిన మనిషి పేరుతో కొత్త వస్తువు ఎలా వచ్చిందన్నది ఒకటి. మియాకే అంటే టర్టిల్‌నెక్ కుట్టిన మనిషేగా అన్నది రెండోది. ఆన్‌లైన్ దుకాణాల్లో ‘మియాకే ప్లీట్స్’ అని అమ్ముతున్న పాలిస్టర్ కుర్తాలకూ అసలు సరుక్కీ తేడా ఏమిటన్నది మూడోది. మూడింటికీ సమాధానం ఒకే చోట, అంటే తయారీ పద్ధతిలో దొరుకుతుంది. అక్కడికి వెళ్లే ముందు ఆ మనిషి నడిచి వచ్చిన దారి కొంత తెలియాలి.

హిరోషిమా, పారిస్, న్యూయార్క్, మళ్లీ టోక్యో

మియాకే 1938 ఏప్రిల్ 22న హిరోషిమాలో పుట్టారు. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడిన నాటికి ఆయనకు ఏడేళ్లు. రేడియేషన్ ప్రభావంతో తల్లి మూడేళ్లలోపే కన్నుమూశారు. పదేళ్ల వయసులో ఆయనకే ఎముక మజ్జ జబ్బు వచ్చి, నడకలో శాశ్వతంగా కుంటు మిగిలింది. ఈ సంగతులను ఆయన దశాబ్దాల పాటు బయట మాట్లాడలేదు. 2009లో, అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా హిరోషిమాకు రావాలని కోరుతూ ఒక అమెరికన్ దినపత్రికలో రాసిన వ్యాసంలోనే మొదటిసారి వివరంగా చెప్పారు. ‘బాంబు నుంచి బతికి బయటపడ్డ డిజైనర్’ అన్న ముద్ర పడటం తనకు ఇష్టం లేకపోయిందని కూడా అందులోనే రాశారు. ఆయన దుస్తుల్లో ప్రతి మడతకూ హిరోషిమా అర్థాన్ని అంటగట్టే వ్యాఖ్యానాలు ఈ మాటను లెక్కలోకి తీసుకోవు.

ఆయన్ను డిజైన్ వైపు మళ్లించినవి హిరోషిమాలోని వంతెనలే. శాంతి స్మారక వనం దగ్గరి రెండు వంతెనల రెయిలింగులను శిల్పి ఇసాము నొగుచి రూపొందించారు. స్కూలు పిల్లాడిగా వాటిని రోజూ చూసిన మియాకే, రోజువారీ వాడుక వస్తువుకు కూడా రూపకల్పన ఉంటుందని అక్కడే గుర్తించారు. తర్వాత టోక్యోలోని తమా ఆర్ట్ యూనివర్సిటీలో గ్రాఫిక్ డిజైన్ చదివారు. 1960లో టోక్యోలో ప్రపంచ డిజైన్ సదస్సు జరిగినప్పుడు, దుస్తుల రూపకల్పనకు అందులో చోటెందుకు లేదని నిర్వాహకులకు ఉత్తరం రాశారు. అప్పటికాయన ఇంకా విద్యార్థి.

1965లో పారిస్ చేరి అక్కడి కుటూర్ (కొలతలు తీసి కుట్టే ఖరీదైన దుస్తుల) శిక్షణ సంస్థలో చదివారు. ఆపై డిజైనర్లు గీ లరోష్ దగ్గరా, యూబేర్ ద జివాన్షీ దగ్గరా పనిచేశారు. 1968 మేలో పారిస్ వీధుల్లో విద్యార్థులు, కార్మికులు లేచినప్పుడు ఆయన ఆ నగరంలోనే ఉన్నారు. కొద్దిమంది ధనవంతులకు కొలతలు తీసి కుట్టే పని కన్నా, జీన్స్, టీషర్టుల్లా అందరూ వేసుకునేవి చేయాలన్న పట్టుదల ఆ రోజుల్లో బలపడిందని ఆయనే చెప్పేవారు. న్యూయార్క్‌లో కొన్నాళ్లు డిజైనర్ జెఫ్రీ బీన్ దగ్గర పనిచేసి, 1970లో టోక్యోకు తిరిగొచ్చి మియాకే డిజైన్ స్టూడియో పెట్టారు. 1971లో న్యూయార్క్‌లో, 1973లో పారిస్‌లో తొలి ప్రదర్శనలు ఇచ్చారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ‘జపనీస్ ఫ్యాషన్’ అనగానే రెయి కవాకుబో, యోజి యమమోటో, మియాకేలను ఒకే గాటన కట్టేస్తుంటారు. మొదటి ఇద్దరూ పారిస్‌కు వచ్చింది 1981లో. చిరుగులు, నలుపు, ఎగుడుదిగుడు కోతలతో పాశ్చాత్య అందాన్ని ప్రశ్నించారు. మియాకే వాళ్ల కన్నా ఎనిమిదేళ్లు ముందే వచ్చారు, ఆయన గొడవ వేరు. కెంజో తకాదా 1970లోనే పారిస్‌లో దుకాణం తెరిచారు గానీ, ఆయన బలం రంగులు, అచ్చు పూలు. హనాయె మోరి 1977లో పారిస్ హాట్ కుటూర్ సంఘంలోకి అడుగుపెట్టి అక్కడి పాత సంప్రదాయంలోనే పనిచేశారు. బట్ట తయారయ్యే చోటికి, అంటే నూలు, మగ్గం, యంత్రం దాకా వెనక్కి వెళ్లి పని మొదలుపెట్టినవారు వీళ్లలో మియాకే ఒక్కరే అనవచ్చు.

బట్ట తాను నుంచి దుస్తు దాకా: ‘ఒకే బట్ట ముక్క’

స్టూడియో పెట్టిన తొలి ఏడాది నుంచే ఆయనతో ఉన్న వ్యక్తి వస్త్ర రూపకర్త మకికో మినగావా. మియాకే కోరిన బట్టను నూలు స్థాయి నుంచి తయారు చేయించే బాధ్యత ఆమెది. రైతులూ కూలీలూ వేసుకునే గళ్ల నూలు బట్టలు, మందపాటి కుట్టు దుప్పట్లు, చేతి కాగితం లాంటి పాత సామగ్రిని కొత్త యంత్రాల మీదకు ఎక్కించారు. 1970ల మధ్య నుంచి ఆయన దృష్టంతా ఒక్క ప్రశ్న మీదే: నలుచదరపు బట్టకూ మనిషి ఒంటికీ మధ్య ఎంత తక్కువ పని చేస్తే అది దుస్తు అవుతుంది?

ఈ ప్రశ్నకు జపాన్‌లో సిద్ధంగా ఒక సమాధానం ఉంది. జపాన్ సంప్రదాయ దుస్తు కిమోనో కోసం నేసే తాను వెడల్పు సుమారు 36–38 సెంటీమీటర్లు, పొడవు సుమారు 12 మీటర్లు. దాన్ని నిలువు గీతల్లో ఎనిమిది ముక్కలుగా కోస్తారు: ఒంటికి రెండు, చేతులకు రెండు, ముందు అంచులకు రెండు, మెడపట్టీకి రెండు. వంపు కోతలు లేవు కాబట్టి పేలికలు మిగలవు. విప్పి కుడితే మళ్లీ తానుగా మారుతుంది. మన చీర ఇంకో మెట్టు ముందుకు వెళ్లి కోతనే వదిలేసింది, ఆకారం మొత్తాన్ని కుచ్చిళ్లకూ కట్టుకునే చేతికీ అప్పగించింది. పాశ్చాత్య కోటు దీనికి పూర్తిగా అవతలి ఒడ్డు. ఒంటి వంపులన్నీ బట్టలోకి కోసి కుట్టాలి; భుజం, చంక, నడుము దగ్గర వంపు ముక్కలు పోగా కటింగ్ టేబుల్ మీద 10–15 శాతం బట్ట వృథా అవుతుందన్నది ఆ రంగంలో సాధారణంగా చెప్పే అంచనా.

కిమోనోను తిరిగి కుట్టడం మియాకే ఉద్దేశం కాదు. సూత్రాన్ని తీసుకుని రూపాన్ని వదిలేశారు. మధ్యలో 1980లో అచ్చుపోసిన ప్లాస్టిక్ పైవస్త్రం, 1982లో వెదురు, బెత్తం పనివాళ్లతో అల్లించిన కవచం లాంటి ప్రయోగాలు వచ్చాయి. బెత్తం కవచం ఆర్ట్‌ఫోరమ్ పత్రిక 1982 ఫిబ్రవరి సంచిక ముఖచిత్రమైంది. కళా పత్రిక అట్ట మీదకు దుస్తులు రావడం అప్పట్లో చర్చనీయాంశం. ఫొటోల్లో ఇవే ఎక్కువ కనిపిస్తాయి. మార్కెట్‌నూ మనుషుల అలవాట్లనూ మార్చింది మాత్రం 1988లో మొదలైన మడతల పనే.

మడతలు ఎలా నిలుస్తాయి

ముందు పాత పద్ధతి. ప్లీట్స్ ఉన్న లంగా కుట్టాలంటే బట్టను మొదట మడిచి, ఇస్త్రీ చేసి లేదా ఆవిరి పట్టించి, ఆ మడత బట్టను కత్తిరించి కుడతారు. ఇందులో ఇబ్బందులు కళ్లకు కడతాయి. కోసిన అంచు దగ్గర మడతలు విప్పుకుంటాయి. కుట్టు వేసేటప్పుడు బట్టను పట్టి లాగాలి కాబట్టి కుట్టు వెంట మడత చదునైపోతుంది. భుజం మీదా చంకలోనూ మడతల గీతలు ఒకదానికొకటి కలవవు. అందుకే పాత ప్లీట్స్ ఎక్కువగా లంగాకే పరిమితమయ్యాయి.

నిలువెల్లా మడతలున్న గౌను మియాకే కన్నా ఎనభై ఏళ్ల ముందే ఉంది. వెనిస్‌లో పనిచేసిన మరియానో ఫోర్చూనీ 1907 ప్రాంతంలో చేసిన డెల్ఫోస్ గౌను అది. 1909లో పేటెంట్ తీసుకున్నారు. సన్నని పట్టు, చేతితో వేసిన మడతలు. కానీ తడి తగిలితే మడత పోయేది. కొన్నవాళ్లు దాన్ని తాడులా మెలిపెట్టి గుండ్రటి పెట్టెలో దాచుకునేవారు, మడత చెదిరితే మళ్లీ ఆయన కార్ఖానాకే పంపాలి.

తేడా నారలో ఉంది. పత్తి, పట్టు, ఉన్ని నారల్లో మడతను పట్టి ఉంచేది ప్రధానంగా హైడ్రోజన్ బంధాలు. నీళ్లు చేరగానే అవి తెగిపోతాయి, ఆరేటప్పుడు ఏ ఆకారంలో ఉంటే అక్కడ మళ్లీ కట్టుకుంటాయి. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన పంచె మడత ఉతికితే పోవడానికి కారణం ఇదే. పాలిస్టర్‌కు నీటితో పెద్దగా పని లేదు. సుమారు 70–80 డిగ్రీల సెల్సియస్ దాటాకే దాని అణు గొలుసులు కదలడం మొదలుపెడతాయి, 250–260 దగ్గర కరుగుతుంది. ఈ రెంటికీ నడుమ, పరిశ్రమలో మామూలుగా 180–200 డిగ్రీల దగ్గర, మడిచి ఒత్తి చల్లారిస్తే గొలుసులు కొత్త చోట స్థిరపడతాయి. ఇక 30–40 డిగ్రీల నీళ్లలో ఎన్నిసార్లు ఉతికినా ఆ మడతను చెరిపేంత వేడి అందదు.

మియాకే బృందం దీనికి తోడు వరుసను తిరగేసింది. పని ఇలా సాగుతుంది:

1. పలుచని పాలిస్టర్ బట్టను, తుది కొలత కన్నా రెండున్నర నుంచి మూడు రెట్లు పెద్దగా కత్తిరిస్తారు.
2. ఆ భారీ ముక్కలను మొత్తం దుస్తుగా కుట్టేస్తారు: చేతులు, మెడ, కింది అంచు అన్నీ.
3. కుట్టిన దుస్తును ముడత లేకుండా పరిచి రెండు కాగితాల నడుమ ఉంచుతారు.
4. కాగితంతో సహా ప్లీటింగ్ యంత్రంలోకి పంపుతారు. యంత్రం మడిచి, వేడితో ఒత్తుతుంది.
5. చల్లారాక కాగితం విప్పితే లోపల మామూలు కొలతకు కుంచించుకున్న దుస్తు ఉంటుంది.

మూడు రెట్లు ఎందుకో తెలియాలంటే చీర కుచ్చిలి పట్టి చూస్తే సరి. పక్కకు పడుకున్న ప్రతి మడతలో బట్ట మూడు పొరలుగా ఉంటుంది: పైకి కనిపించేది ఒకటి, వెనక్కి తిరిగింది ఒకటి, మళ్లీ ముందుకు వచ్చింది ఒకటి. కాబట్టి 45 సెంటీమీటర్ల వెడల్పు కావాలంటే 135 సెంటీమీటర్ల బట్ట కావాలి. అకార్డియన్‌లా నిలబడే మడతకు లెక్క వేరు. మడత ఒక్కో వైపు 5 మిల్లీమీటర్లు ఉండి, శిఖరానికీ శిఖరానికీ దూరం 4 మిల్లీమీటర్లు వస్తే, 4 మిల్లీమీటర్ల చోటులో 10 మిల్లీమీటర్ల బట్ట ఇమిడింది. అంటే రెండున్నర రెట్లు. దూరం కాస్త సాగితే నిష్పత్తి మారిపోతుంది, ఆ దుస్తు సైజే మారిపోతుంది.

ఇక్కడ నమూనా గీసేవారికి తలనొప్పి ఒకటుంది. మడతకు అడ్డంగా ఉన్న కొలత మాత్రమే కుంచించుకుంటుంది, మడత వెంట ఉన్నది అలాగే ఉంటుంది. నిలువు మడతలైతే వెడల్పునే పెంచి గీయాలి. 18 సెంటీమీటర్ల మెడ కావాలంటే రెండున్నర రెట్ల లెక్కన 45 సెంటీమీటర్ల మెడ కోయాలి. లోతు మాత్రం మామూలే. అందుకే మడవకముందు ఆ దుస్తు ఎవరో రాక్షసుడి ఒంటికి కుట్టినట్టు, పొట్టిగా అడ్డంగా సాగి కనిపిస్తుంది. చేతులు పక్కకు చాచిన ఆకారంలో పరిస్తే నిలువు మడతలు చేతికి అడ్డంగా పడతాయి, అప్పుడు చెయ్యి వెడల్పును కాక పొడవునే రెండున్నర రెట్లు పెంచాలి. అలా చేసిన చెయ్యి స్ప్రింగులా పొడవుకు సాగుతుంది. ఒంటి భాగం వెడల్పుకు సాగుతుంది. ఒకే దుస్తులో రెండు రకాల సాగుడు!

ఎక్కడ తప్పుతుంది

ఈ పద్ధతిని అనుకరించేవారు ఎక్కువగా దెబ్బతినేది కుట్టు దగ్గర. నూలు దారంతో కుడితే బట్టకు మడత నిలుస్తుంది, దారానికి నిలవదు; రెండు ఉతుకులయ్యాక కుట్టు గీత ముడుచుకుని వంకర పోతుంది. దారం కూడా పాలిస్టరే కావాలి. రెండు మడతల అంచు కుట్టి దాన్ని మళ్లీ ప్లీట్ చేస్తే ఒకే చోట ఆరేడు పొరలు పేరుకుంటాయి, వేడి లోపలి దాకా చేరదు, అంచు దగ్గర మడత పదును తగ్గుతుంది. అందుకే అంచు వీలైనంత పలుచగా ఉండాలి. బట్ట ముందే వేడికి కుదిరిపోయి లేకపోతే యంత్రంలో అది విడిగా కుంచించుకుంటుంది, లెక్క తప్పుతుంది. దుస్తును కాగితం మీద కాస్త ఏటవాలుగా పరిచినా చాలు, మడతలు భుజం నుంచి నడుముకు జారుతూ వెళతాయి, దాన్ని సరిచేసే దారి లేదు.

కాగితం ఊరికే చుట్టేది కాదు. బట్ట జారకుండా పట్టుకుంటుంది. వేడి లోహం నేరుగా తగిలితే పాలిస్టర్‌కు వచ్చే నూనె మెరుపును అడ్డుకుంటుంది. పాలిస్టర్ రంగులు ఎక్కువ వేడిలో ఆవిరై పక్క పొరకు అంటుకునే గుణం గలవి, కాగితం ఆ రంగును కొంత పీల్చుకుంటుంది. వేడిగా ఉండగానే విప్పితే మడత సడలిపోతుంది, కాబట్టి తొందరపడకూడదు.

వాడేవారికీ ఇందులోంచే సూచనలు వస్తాయి. ఇస్త్రీ పెట్టె తగలకూడదు: వేడీ బరువూ కలిస్తే మడత చదునవుతుంది, ఇంట్లో తిరిగి తెచ్చే మార్గం లేదు. డ్రైయర్‌లో వేయకూడదు. హ్యాంగర్‌కు నెలల తరబడి వేలాడదీస్తే సొంత బరువుకే మడత సాగుతుంది. మడత వెంట చాపలా చుట్టి పెట్టడం మేలు. మన ఎండల్లో పాలిస్టర్ వేసుకోగలమా అన్నది న్యాయమైన అనుమానమే. పాలిస్టర్ తన బరువులో అర శాతం కన్నా తక్కువ తేమనే పీలుస్తుంది, పత్తి సుమారు ఏడెనిమిది శాతం పీలుస్తుంది. మడతల శిఖరాలే ఒంటికి తగిలి మధ్యలో గాలి ఆడుతుంది కాబట్టి సాదా పాలిస్టర్ కన్నా నయం. అయినా ఉక్కపోతలో నూలు బట్టకు సాటి రాదు.

రంగస్థలం మీద పరీక్ష

మడతల దుస్తులు 1989 వసంత సేకరణలోనే కనిపించినా, అవి రోజువారీ బట్టలు కాగలవని తేల్చింది నాట్యం. 1991లో విలియం ఫోర్‌సైత్ నడిపిన ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాలేకు మియాకే వీటితో ఆహార్యం చేశారు. కాలు తలకన్నా పైకి లేచినా బట్ట అడ్డుపడలేదు, దిగగానే యథాస్థితికి వచ్చింది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో లిథువేనియా జట్టు మడతల జాకెట్లతో నడిచింది. సోవియట్ యూనియన్ నుంచి విడివడ్డ ఆ చిన్న దేశానికి దుస్తులు రూపొందించింది మియాకే. 1993లో ప్లీట్స్ ప్లీజ్ విడి బ్రాండుగా మొదలైంది. మగవారికోసం అదే తరహా శ్రేణి 2013లో వచ్చింది.

అల్లికలోనే దుస్తు: ఏ-పాక్

1998లో మియాకే, ఇంజనీరింగ్ మనసున్న యువ డిజైనర్ దాయ్ ఫుజివారాతో కలిసి ఏ-పాక్ చేపట్టారు. ‘ఒకే బట్ట ముక్క’ అనే మాటకు ఆంగ్ల పొడి అక్షరాలు కలిపితే వచ్చిన పేరది; ‘యుగం’ అనే అర్థమున్న ఆంగ్ల పదంలా కూడా పలుకుతుంది.

కంప్యూటర్ నడిపే రాషెల్ అల్లిక యంత్రం మీద చదునైన గొట్టంలా రెండు పొరల బట్ట ఆగకుండా దిగుతుంది. గౌను ఎక్కడ ఉండాలో అక్కడ రెండు పొరలూ విడిగా, దాని హద్దు గీత మీద మాత్రం రెండూ కలిసి అల్లుకుని వస్తాయి. ఆ హద్దు వెంట కత్తెర పెడితే గౌను ఊడి వస్తుంది. కుట్టు మిషన్‌తో పనే లేదు. కోసిన అంచు ఎందుకు విప్పుకోదంటే, ఇది పడుగు అల్లిక: ప్రతి దారమూ పక్క దారాలతో ముడిపడుతూ నిలువునా నడుస్తుంది, ఒకచోట తెగినా నిచ్చెనలా జారిపోదు. చేతితో స్వెటర్ అల్లే పద్ధతిలో ఇది సాధ్యం కాదు. ఒక్క గొట్టంలోంచి గౌను, టోపీ, సంచి, మేజోళ్లు అన్నీ కోసుకోవచ్చు. 1999 వసంత ప్రదర్శనలో ఒకే పొడవాటి ఎర్ర బట్టకు అతుక్కుని ఉన్న దుస్తుల్లో మోడళ్లు వరుసగా నడిచారు.

చేతి పొడవు, గౌను పొడవు ఎంతుండాలో కొన్నవారే కత్తెరతో తేల్చుకోవాలి. చిక్కంతా ఇక్కడే వచ్చింది. ఖరీదైన బట్టను స్వయంగా కోయడానికి చాలామంది చెయ్యి రాదు, తప్పు కోస్తే అతికే వీలు లేదు. గొట్టం వెడల్పును యంత్రం నిర్ణయిస్తుంది కాబట్టి ఆకారాల్లో వైవిధ్యానికి హద్దుంది. ఒక్కో కొత్త నమూనాకు నెలల తరబడి ప్రోగ్రామింగ్ పట్టేది. మ్యూజియంలు వెంటనే కొనుక్కున్నాయి, మార్కెట్ నెమ్మదించింది. ఆలోచన మాత్రం చావలేదు. 2021లో యోషియుకి మియామే నాయకత్వంలో ఏ-పాక్ ఏబుల్‌గా తిరిగి వచ్చింది. మొదట్లో చెప్పిన ఫోను సంచి తల్లివేరు కూడా ఇక్కడే ఉంది.

మడత ముందు, కత్తెర తర్వాత: 132 5.

2010లో వచ్చిన ఈ శ్రేణి పేరే ఒక లెక్క. 1 అంటే ఒకే బట్ట, 3 అంటే మూడు కొలతల ఆకారం, 2 అంటే దాన్ని చదునుగా మడిచిన రూపం, కాస్త ఎడం ఇచ్చి రాసే 5 అంటే ఒంటి మీదకు వచ్చాక మొదలయ్యే కాలం. త్సుకుబా విశ్వవిద్యాలయంలోని కంప్యూటర్ శాస్త్రవేత్త జున్ మితానీ కాగితపు మడతల కోసం రాసిన సాఫ్ట్‌వేర్‌తో, ఒక ఘన ఆకారం ఏ గీతల మీద మడిస్తే నేల మీద చదునుగా పడుకుంటుందో ముందు లెక్కగట్టారు. ఆ గీతల మీద వేడితో ఒత్తి, చివరన తల, చేతులు దూరే చోట మాత్రమే కోశారు. టేబుల్ మీద నక్షత్రంలానో పలకలానో పడి ఉన్నది నడిమి భాగం పట్టి లేపితే లంగాగా నిలబడుతుంది. వాడింది తెయిజిన్ సంస్థ రీసైకిల్ చేసిన పాలిస్టర్. కూర్చుంటే ఆ మూలలు వీపుకూ తొడకూ గుచ్చుకుంటాయన్న ఫిర్యాదులో న్యాయం ఉంది. ఆలోచన ఎంత గొప్పదైనా కుర్చీకి తెలియదు కదా.

ఆ నల్ల టర్టిల్‌నెక్ సంగతి

మొదట ఉన్నది సోనీ. 1981లో ఆ సంస్థ 35వ వార్షికోత్సవానికి, చేతులు జిప్పుతో ఊడదీస్తే వెయిస్ట్‌కోటు అయ్యే నైలాన్ జాకెట్‌ను ఉద్యోగుల కోసం మియాకే రూపొందించారు. అది చూసిన స్టీవ్ జాబ్స్ ఆపిల్‌కూ అలాంటిది కావాలనుకున్నారు, ఉద్యోగులు ఒప్పుకోలేదు. యూనిఫాం ఆలోచన తన ఒక్కరికే మిగుల్చుకుని, నచ్చిన నల్ల టర్టిల్‌నెక్‌లు చేయించమని మియాకేను అడిగితే వందదాకా వచ్చాయని జాబ్స్ తన జీవిత చరిత్రకారుడికి చెప్పారు. మియాకే పనిలో ఇది అత్యల్ప భాగం. సాంకేతికంగా అందులో కొత్తది ఏమీ లేదు.

అహ్మదాబాద్ దారం

భారత్‌తో సంబంధం పైపైది కాదు. 1980లలోనే అహ్మదాబాద్‌లోని ఆశా సారాభాయ్ కార్ఖానాతో మియాకే స్టూడియో కలిసి పనిచేసింది. చేతి నేత, చేతి కుట్టు దుస్తులు ఆమె పేరుతోనే జపాన్‌లో అమ్ముడయ్యాయి. 2000లో మినగావా మొదలుపెట్టిన బ్రాండు పేరు హాట్, అంటే ఊరి సంత. కుట్టు పని, అద్దకం వంటి భారతీయ చేతి పనులకు అందులో క్రమం తప్పకుండా చోటుంటుంది. యంత్రం మీద ఇంత నమ్మకం పెట్టుకున్న సంస్థ చేతి పనిని వదలకపోవడం వింతగా కనిపించవచ్చు. బట్ట దగ్గరే రూపకల్పన మొదలవ్వాలనుకునేవారికి మగ్గమూ యంత్రమూ రెండూ పనిముట్లే.

మనిషి పోయాక పేరు

మియాకే ప్రధాన శ్రేణి బాధ్యతను 1999లోనే నావోకి తకిజావాకు అప్పగించి పరిశోధనకు మళ్లారు. తర్వాత దాయ్ ఫుజివారా, యోషియుకి మియామే, సతోషి కోందో వరుసగా ఆ కుర్చీలో కూర్చున్నారు. 2007లో వాస్తుశిల్పి తడావో ఆందోతో కలిసి టోక్యోలో 21_21 డిజైన్ సైట్ తెరిచారు. మడిచిన ఉక్కు రేకులా ఉండే దాని పైకప్పు ‘ఒకే బట్ట ముక్క’ను గుర్తుచేస్తుంది. 2006లో క్యోటో బహుమతి, 2010లో జపాన్ ప్రభుత్వ ఆర్డర్ ఆఫ్ కల్చర్ అందుకున్నారు. 2022 ఆగస్టు 5న కాలేయ క్యాన్సర్‌తో 84వ ఏట చనిపోయారు. చాలా ఫ్యాషన్ సంస్థల్లో స్థాపకుడి గీత పోగానే పేరే మిగులుతుంది. ఇక్కడ మిగిలింది పద్ధతులు, వాటిని నడిపే బృందం. ఐఫోన్ సంచి ఆయన గీసింది కాకపోయినా ఆయన పేరుతో రావడంలో అసంబద్ధత తక్కువగా ఉండటానికి కారణం ఇదే.

తీరని ప్రశ్న పాలిస్టర్‌ది. దుస్తు, దారం ఒకే పదార్థం కావడం రీసైక్లింగ్‌కు మేలు, ఇస్త్రీ అక్కర్లేకపోవడం కరెంటుకు మేలు, దశాబ్దాలు మన్నడం అన్నిటికన్నా మేలు. కానీ ఉతికినప్పుడల్లా రాలే సూక్ష్మ పోగులు నీళ్లలో చేరతాయి, ఒక్క దుస్తుకు మూడింతల బట్ట పడుతుంది కాబట్టి ఆ లెక్కా పెరుగుతుంది. అందరికీ అందాలన్న 1968 నాటి ఆశయానికీ నేటి ధరలకూ మధ్య దూరం కూడా తక్కువేం కాదు. ఆ ఖాళీలోకే చవక నకళ్లు వచ్చాయి.

నకలును గుర్తించడానికి లేబుల్ కన్నా భుజం కుట్టు నమ్మదగినది. దుస్తును తిరగేసి ఆ కుట్టు వెంట వేలు నడపాలి. మడిచిన తానును తర్వాత కత్తిరించి కుట్టి ఉంటే, కుట్టు దగ్గర మడతలు చదునై ఆగిపోతాయి. అవతలి వైపు మడతలు వేరే చోట మొదలవుతాయి. ముందు కుట్టి తర్వాత మడిచినదైతే దారమూ అంచూ కూడా మడతలో భాగమై మెట్లుమెట్లుగా వంగి ఉంటాయి, ఒక వైపు గీత కుట్టును దాటి రెండో వైపుకు తెగకుండా సాగుతుంది.